యంత్రసామగ్రి ఆధునికీకరణ, మార్పిడి: కూర్మన్నపాలెం ఉక్కు కర్మాగారం

పనిచేస్తున్న యంత్రాన్ని ఉన్నచోటే ఉంచి, అరిగిన భాగాలు తీసి మెరుగైనవి అమర్చి, దాని ఆయుష్షునో సామర్థ్యాన్నో పెంచుకోవడం ఆధునికీకరణ. పాతదాన్ని తప్పించి ఆ పనికి కొత్త యంత్రాన్ని కొనడం మార్పిడి. కర్మాగారాలు, రేవులు, విద్యుత్ కేంద్రాలు, ఆనకట్టలు నడిపే ప్రతి సంస్థకూ ఏదో ఒక నాడు ఈ రెండింటి మధ్య ఎంపిక తప్పదు. విశాఖపట్నం నగరంలో కూర్మన్నపాలెం పక్కనున్న విశాఖ ఉక్కు కర్మాగారం రెండు మార్గాల్లోనూ నడిచింది. ముందు కొత్త బ్లాస్ట్ ఫర్నేస్ కట్టింది. ఆ తర్వాత పాత ఫర్నేసులను ఒకదాని వెంట ఒకటి ఆపి, లోపల అంతా విప్పి, పెద్దవి చేసి మళ్లీ రాజేసింది. తెలుగు ప్రాంతంలో ఈ విషయానికి ఇంతకంటే నిండైన ఉదాహరణ దొరకదు.

నిర్వచనం, పరిధి

యంత్రంపై చేసే పనులను నాలుగు మెట్లుగా చూడవచ్చు. చెడిన భాగాన్ని బాగుచేసి యంత్రాన్ని మునుపటి స్థితికి తేవడం మరమ్మతు. నిర్ణీత కాలానికి మొత్తం విప్పి, శుభ్రం చేసి, అరిగినవి మార్చి బిగించడం ఓవర్‌హాలింగ్. ఈ రెండింటి తర్వాతా యంత్రం పుట్టినప్పటి యంత్రమే. ఆధునికీకరణలో మాత్రం మునుపు లేని సామర్థ్యం వచ్చి చేరుతుంది: ఎక్కువ ఉత్పత్తి, తక్కువ ఇంధనం, కొత్త నియంత్రణ వ్యవస్థ, తగ్గిన కాలుష్యం. మార్పిడిలో యంత్రం గుర్తింపే మారిపోతుంది.

ఆచరణలో ఈ హద్దులు అంత స్పష్టంగా ఉండవు. ఫర్నేస్ బయటి ఉక్కు తొడుగునూ పునాదినీ ఉంచి మిగతావన్నీ మారిస్తే దాన్ని పాత ఫర్నేస్ అనాలా, కొత్తదనాలా? అకౌంటింగ్ ప్రమాణాలు ఈ చిక్కును నేరుగా ఎదుర్కొన్నాయి. భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 16, కొన్ని ఆస్తుల్లో భాగాలను నియమిత కాలానికి మార్చక తప్పదంటూ ఉదాహరణగా ఫర్నేస్ లోపలి లైనింగునే చూపుతుంది. కొత్త లైనింగు ఖర్చు ఆస్తి విలువలో కలుస్తుంది, తీసేసిన లైనింగు విలువ పుస్తకాల్లోంచి పోతుంది. అంటే లెక్కల దృష్టిలో పెద్ద యంత్రం ఒకే వస్తువు కాదు. వేర్వేరు ఆయుష్షులున్న భాగాల కూర్పు. ఆధునికీకరణా మార్పిడా అన్న ప్రశ్నకు సరైన సమాధానాలు చాలావరకు ఇక్కడినుంచే మొదలవుతాయి.

స్థలం, నేపథ్యం

కూర్మన్నపాలెం విశాఖ నగరానికి నైరుతి దిక్కున, గాజువాక దాటాక, 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న కూడలి. ఉద్యోగుల నివాస ప్రాంతమైన ఉక్కునగరానికీ కర్మాగారానికీ వెళ్లే ప్రధాన మార్గం ఇక్కడే చీలుతుంది. షిఫ్టు మారే వేళల్లో ఈ కూడలి కదలికను కర్మాగారమే నిర్ణయిస్తుంది. సమీపంలో దువ్వాడ రైల్వే స్టేషను, సముద్రం వైపు గంగవరం రేవు, గాజువాక దగ్గర ఆటోనగర్ ఉన్నాయి. లేత్ షాపులు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు, మోటారు రివైండింగ్ దుకాణాలు ఈ చుట్టుపక్కల పెరగడానికి పెద్ద పరిశ్రమల మరమ్మతు పనులు ఒక ముఖ్య కారణం.

కర్మాగారానికి 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం, అందులో పోయిన ప్రాణాలు, భూములిచ్చిన గ్రామాలు దాని వెనుక ఉన్నాయి. కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ 1982 ఫిబ్రవరి 18న ఏర్పడింది. సోవియట్ సహకారంతో రూపొందిన మొదటి ప్రణాళిక ఏడాదికి 34 లక్షల టన్నుల ద్రవ ఉక్కుకు ఉద్దేశించినది. నిధుల కొరతతో దాన్ని 30 లక్షలకు కుదించారు. ‘గోదావరి’ అని పేరుపెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో, ‘కృష్ణ’ అనే రెండోది 1992లో మొదలయ్యాయి. అదే ఏడాది ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

ఈ రెండు ఫర్నేసుల ప్రారంభాల నడుమ, 1991 డిసెంబరులో, సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. యంత్రాలు తయారుచేసిన కర్మాగారాలు వేర్వేరు దేశాల్లో మిగిలాయి. స్పేర్లు ఎవరిని అడగాలన్నది కర్మాగారం తొలి ఏళ్లలోనే ముందుకొచ్చిన ప్రశ్న. తయారీదారు దూరమైన యంత్రానికి భాగాలను స్థానికంగా చేయించుకోవడం, సమానమైన వేరే కంపెనీ భాగాన్ని అమర్చడం అలవాటవుతాయి. ఆధునికీకరణకు కావలసిన నైపుణ్యంలో పెద్ద భాగం ఇలా కొరతలోంచే పుడుతుంది.

చారిత్రక పూర్వరంగం: ఆనకట్టల నుంచి శుద్ధికర్మాగారం వరకు

పాతదాన్ని పెంచడమా, కొత్తది కట్టడమా అన్న చర్చ తెలుగు నేలపై ఉక్కుకంటే ముందు నీళ్ల దగ్గర జరిగింది. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్టపై తర్వాతి కాలంలో షట్టర్లు అమర్చి నీటిమట్టం పెంచుతూ వచ్చారు. కట్టడం అదే, సామర్థ్యం మాత్రం పెరుగుతూ పోయింది. శతాబ్దానికి పైగా అలా నడిచాక, దాని స్థానంలో కొత్త బ్యారేజీని 1982 నాటికి పూర్తిచేసి కాటన్ పేరే పెట్టారు. కృష్ణ ఆనకట్ట కథ వేరు. 1855లో పూర్తయిన ఆ కట్టడం 1952లో గండిపడింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో అందుబాటులోకి వచ్చింది. మొదటిది ఆలోచించి చేసిన మార్పిడి, రెండోది విధిలేక చేసినది. కట్టడం కూలాక నిర్ణయించే తీరిక ఉండదు.

విశాఖలో మరో దీర్ఘ ఉదాహరణ చమురు శుద్ధికర్మాగారం. కాల్టెక్స్ సంస్థ 1957లో ప్రారంభించిన ఈ కర్మాగారం తర్వాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చింది. ఏడాదికి 6.75 లక్షల టన్నులతో మొదలై, అంచెలంచెలుగా 83.3 లక్షల టన్నులకు చేరింది. ఆ తర్వాతి ఆధునికీకరణ పథకం లక్ష్యం 1.5 కోట్ల టన్నులు. అందులో 90 లక్షల టన్నుల కొత్త క్రూడ్ డిస్టిలేషన్ యూనిట్ ఉంది. ఉన్న 83.3 లక్షలకు 90 కలిపితే 1.5 కోట్లు దాటిపోతుంది. దాటకపోవడానికి కారణం, కొత్త యూనిట్ పాత యూనిట్లలో ఒకదాని స్థానాన్ని తీసుకోవడం. పథకం పేరు ఆధునికీకరణ అయినా దాని గుండెలో ఉన్నది మార్పిడి.

బ్లాస్ట్ ఫర్నేస్: ఏది అరుగుతుంది, ఏది మిగులుతుంది

బ్లాస్ట్ ఫర్నేసులో పైనుంచి ఇనుప ఖనిజం, సింటర్ (పొడి ఖనిజాన్ని కాల్చి చేసిన గడ్డలు), కోక్, సున్నపురాయి పడతాయి. కిందనుంచి ట్యుయేర్లు అనే నాళాల ద్వారా వేడిగాలి దూసుకొస్తుంది. అడుగున ఉన్న హార్త్‌లో సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడితో ద్రవ ఇనుము చేరుతుంది. ఒకసారి రాజేశాక ఏళ్ల తరబడి రాత్రింబగళ్లు నడపవలసిందే. అలా రాజుకున్ననాటి నుంచి పెద్ద రీలైనింగు కోసం ఆపేవరకు గడిచే కాలాన్ని క్యాంపెయిన్ అంటారు. ఆధునిక ఫర్నేసులకు ఇది సాధారణంగా 15 నుంచి 20 సంవత్సరాలు.

క్యాంపెయిన్‌ను ముగించేది చాలాసార్లు హార్త్. కార్బన్ దిమ్మెలతో కట్టిన గోడను ద్రవ ఇనుము మెల్లగా తినేస్తుంది. గోడలో అమర్చిన థర్మోకపుల్స్ చూపే ఉష్ణోగ్రత పెరుగుతూ పోతే మిగిలిన మందం తగ్గిపోతోందని అర్థం. పైభాగంలో రాపిడి, మధ్యభాగంలో వేడి, రసాయన దాడి వేర్వేరు చోట్ల వేర్వేరు వేగంతో పనిచేస్తాయి. పునాదికి, వేడిగాలి స్టవ్‌ల బయటి నిర్మాణానికి, కన్వేయర్ గ్యాలరీలకు, గ్యాస్ పైపులకు ఈ అరుగుదల అంతగా ఉండదు. కొత్త ఫర్నేస్ కట్టాలంటే ఇవన్నీ మళ్లీ కొనాలి. బ్లాస్ట్ ఫర్నేస్ విషయంలో ప్రపంచమంతటా ఆధునికీకరణ వైపే మొగ్గు ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

భారత ఉక్కు కర్మాగారాల్లో ఫర్నేస్ మరమ్మతులను కేటగిరీలుగా వ్యవహరిస్తారు. హార్త్‌తో సహా లోపలి లైనింగు అంతా తీసి కట్టేది కేటగిరీ-1 క్యాపిటల్ రిపేర్. హార్త్‌ను కదపకుండా పైభాగాలకు చేసేది కేటగిరీ-2. కొద్దిరోజుల చిన్న షట్‌డౌన్‌లో ముగిసేది కేటగిరీ-3. ఆధునికీకరణకు అవకాశం ఇచ్చేది కేటగిరీ-1 ఒక్కటే. ఎలాగూ విప్పక తప్పని ఆ నెలల్లో మెరుగైన భాగాలు అమరుస్తారు.

క్యాపిటల్ రిపేర్ సాగే తీరు

మొదట ఫర్నేస్‌లో సరుకు వేయడం ఆపి, లోపలి మట్టాన్ని ట్యుయేర్ల దాకా దించుతారు. పైభాగం వేడెక్కిపోకుండా నీళ్లు చిమ్ముతారు. ట్యాప్‌హోల్ మట్టానికి దిగువన ఇంకా వందల టన్నుల ద్రవ ఇనుము మిగులుతుంది. దీన్ని సాలమాండర్ అంటారు. హార్త్ గోడకు బాగా కింద రంధ్రం తొలిచి దాన్ని బయటికి తీస్తారు. అది లోపల గడ్డకడితే పగలగొట్టడానికి వారాలు పడతాయి కాబట్టి మొత్తం పనిలో ఇది మిక్కిలి సున్నితమైన ఘట్టం. తర్వాత నెమ్మదిగా చల్లార్చి, లైనింగు కూల్చి, గోడను చల్లబరిచే పలకలైన కూలింగ్ స్టేవ్‌లు విప్పుతారు.

తిరిగి కట్టేటప్పుడు జరిగే మార్పులే ఫర్నేస్ తర్వాతి క్యాంపెయిన్‌ను నిర్ణయిస్తాయి. వేడి ఎక్కువగా తగిలే మండలంలో పోత ఇనుప స్టేవ్‌లకు బదులు రాగి స్టేవ్‌లు పెట్టడం సాధారణ పద్ధతి. రాగి వేడిని త్వరగా లాగేస్తుంది. దానిపై గడ్డకట్టిన స్లాగ్ పొరే కొత్త లైనింగులా కాపాడుతుంది. అందువల్ల ఇటుక గోడ మందం తగ్గించవచ్చు, లోపలి ఘనపరిమాణం పెరుగుతుంది. బొగ్గుపొడిని ట్యుయేర్ల ద్వారా ఊదే ఏర్పాటు, గాలిలో ఆక్సిజన్ శాతం పెంచడం, మెరుగైన స్టవ్‌లు, కంప్యూటర్ నియంత్రణ కూడా ఇదే సమయంలో చేరుతాయి. పని ముగిశాక వేడిగాలితో ఆరబెట్టి, కోక్ నింపి మళ్లీ రాజేస్తారు. ఈ చర్యే బ్లో-ఇన్.

విశాఖ ఉక్కులో అమలు

గోదావరి, కృష్ణ ఫర్నేసుల ఘనపరిమాణం మొదట ఒక్కొక్కటి 3,200 ఘనపు మీటర్లు. నిర్మించిన కాలంలో దేశంలోకెల్లా పెద్దవి అవే. గంట ఆకారపు మూతకు బదులు తిరిగే చూట్‌తో సరుకు నింపే బెల్‌లెస్ టాప్, పైనుంచి వచ్చే గ్యాస్ పీడనంతో 12 మెగావాట్ల టర్బైన్ తిప్పే ఏర్పాటు వీటికి పుట్టుకతోనే ఉన్నాయి. ఏడు మీటర్ల ఎత్తైన కోక్ ఓవెన్లు, కోక్‌ను నీటితో కాక నైట్రోజన్‌తో చల్లార్చే పద్ధతి, ఉక్కు మొత్తాన్నీ కంటిన్యువస్ కాస్టింగ్‌లోనే పోయడం వంటివీ మొదటినుంచీ ఉన్నాయి. మొదటే మంచి సాంకేతికత ఎంచుకోవడం ఇరవై ఏళ్ల తర్వాత ఉపయోగపడింది. మూలరూపం కాలం చెల్లినదైతే దాన్ని మెరుగుపరచడం కంటే వదిలేయడమే చౌక అయ్యేది.

విస్తరణకు 2006 మే 20న ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. లక్ష్యం 30 లక్షల టన్నుల నుంచి 63 లక్షల టన్నుల ద్రవ ఉక్కు. 3,800 ఘనపు మీటర్ల మూడో బ్లాస్ట్ ఫర్నేస్ ‘అన్నపూర్ణ’ 2012లో రాజుకుంది. రెండో ఉక్కు ద్రవీకరణ విభాగం, 408 చదరపు మీటర్ల మూడో సింటర్ యంత్రం, కొత్త రోలింగ్ మిల్లులు ఇందులో భాగాలు. తర్వాతి మెట్టు 73 లక్షల టన్నులు. అదనపు 10 లక్షలు ముఖ్యంగా ఉన్నవాటిని మెరుగుపరచడం ద్వారా రాబట్టాలన్నది ప్రణాళిక: పాత ఫర్నేసులు రెండింటికీ కేటగిరీ-1 రిపేర్, 312 చదరపు మీటర్ల పాత సింటర్ యంత్రాల పెంపు, మొదటి ద్రవీకరణ విభాగంలో ద్రవ ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టర్ల పునరుద్ధరణ. రెండో విభాగానికి మరో కన్వర్టర్, కాస్టర్ చేర్చారు.

ఈ వరుసక్రమానికి చాలా ప్రాధాన్యం ఉంది. రెండే ఫర్నేసులున్న కర్మాగారంలో ఒకదాన్ని నెలల తరబడి ఆపితే ద్రవ ఇనుము సగానికి పడిపోతుంది, దిగువనున్న కన్వర్టర్లూ మిల్లులూ ఆకలితో ఉంటాయి. అన్నపూర్ణ వచ్చాకే గోదావరిని ఆపే వెసులుబాటు కలిగింది. రెండు దశాబ్దాలకు పైగా ఏకబిగిన నడిచిన గోదావరి 2014లో 3,800 ఘనపు మీటర్ల ఫర్నేస్‌గా మళ్లీ రాజుకుంది. దాని వెనుక కృష్ణ వంతు వచ్చింది. కొత్త యంత్రం కొనుగోలు పాత యంత్రాల ఆధునికీకరణకు పోటీ కాలేదు, దానికి దారి వేసింది. ఈ విషయాన్ని రెండు పద్ధతుల మధ్య పోటీగా మాత్రమే చర్చించే పాఠ్యపుస్తకాలు ఈ కోణాన్ని తగినంతగా పట్టించుకోవు.

ఫలితాన్ని అంకెల్లో చూస్తే, రెండు పాత ఫర్నేసుల తొలి రూపకల్పన సామర్థ్యం కలిపి ఏడాదికి 34 లక్షల టన్నుల ద్రవ ఇనుము. పునర్నిర్మాణం తర్వాత ఒక్కొక్కదాని సామర్థ్యం 25 లక్షలు. మూడూ కలిపి 75 లక్షలు. ఘనపరిమాణం పెరిగింది 19 శాతం కంటే తక్కువ, నిర్దేశిత సామర్థ్యం పెరిగింది 47 శాతం. ఈ తేడా మొత్తం రిపేరు పుణ్యం కాదు. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఈ ఫర్నేసులు పాత రూపంలోనే రూపకల్పన సామర్థ్యాన్ని మించి నడిచాయి. మెరుగైన సరుకు తయారీ, ఆపరేటర్ల అనుభవం, ఆక్సిజన్ వాడకం అందులో తమ వంతు తీసుకున్నాయి. ఆధునికీకరణ లాభాన్ని లెక్కించేటప్పుడు కొత్త భాగాల వల్ల వచ్చినదెంత, చేయి తిరిగిన మనుషుల వల్ల వచ్చినదెంత అని విడదీసి చూడాలి.

చిన్న పరిమాణంలో చేసిన చేర్పుకు సింటర్ కూలర్ ఉదాహరణ. వేడి సింటర్‌ను చల్లార్చేటప్పుడు వృథాగా పోయే వేడిగాలితో ఆవిరి పుట్టించి 20.6 మెగావాట్ల విద్యుత్తు తీసే కేంద్రాన్ని జపాన్ సంస్థ నెడో సహకారంతో నిర్మించారు. పాత యంత్రం పనికి అడ్డు రాకుండా పక్కన ఇంకొకటి చేర్చడం దీని పద్ధతి.

ఆధునికీకరణలో రకాలు

సామర్థ్యం పెంచేవి, ఆయుష్షు పెంచేవి, నియంత్రణ మార్చేవి, చట్టం కోరినందుకు చేర్చేవి అని వీటిని విభజించవచ్చు. మొదటి రెండింటికి బ్లాస్ట్ ఫర్నేస్ రిపేరే ఉదాహరణ. నియంత్రణ మార్పులో యంత్రం యాంత్రిక భాగాలు అలాగే ఉంటాయి, రిలే ప్యానెళ్ల స్థానంలో ప్రోగ్రామ్‌తో నడిచే కంట్రోలర్లైన పీఎల్‌సీలు, పాత డ్రైవుల స్థానంలో ఎలక్ట్రానిక్ డ్రైవులు వస్తాయి. రోలింగ్ మిల్లుల్లో ఎలక్ట్రానిక్ సామగ్రి యాంత్రిక భాగాలకంటే చాలా ముందే పాతబడుతుంది. మిల్లు స్టాండు గట్టిగా ఉండగానే దాన్ని నడిపే కార్డులు మార్కెట్లో దొరకకుండా పోతాయి.

చట్టం కోరే మార్పులకు పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రం దగ్గరి ఉదాహరణ. నాలుగు 500 మెగావాట్ల యూనిట్లున్న ఈ కేంద్రం 2002 నుంచి దశలవారీగా మొదలైంది. బొగ్గు కేంద్రాల ఉద్గారాలపై 2015 డిసెంబరులో కేంద్రం కొత్త ప్రమాణాలు ప్రకటించాక, పొగలోని గంధక ఆక్సైడ్‌ను తొలగించే యంత్రాలను నడుస్తున్న కేంద్రాలకు చేర్చే అంశం దేశమంతటా ముందుకొచ్చింది. ఇలాంటి చేర్పుతో ఉత్పత్తి పెరగదు, సొంత విద్యుత్ వినియోగం పెరుగుతుంది. లాభనష్టాల లెక్కతో సమర్థించలేని, అయినా అవసరమైన ఆధునికీకరణ ఇది.

ఆర్థిక లెక్క

వేర్వేరు ఆయుష్షులున్న రెండు ప్రత్యామ్నాయాలను పోల్చడానికి వార్షిక సమాన వ్యయం అనే పద్ధతి వాడతారు. పెట్టుబడిని వడ్డీతో సహా ఆయుష్షు మీద సమాన వాయిదాలుగా పరిచి చూడటం ఇందులోని పని. ఒక కంప్రెసర్‌ను 40 లక్షల రూపాయలతో మెరుగుపరిస్తే 6 సంవత్సరాలు, కోటి రూపాయలతో కొత్తది కొంటే 20 సంవత్సరాలు పనిచేస్తుందనుకుందాం. వడ్డీ 10 శాతం అయితే మొదటిదానికి ఏడాదికి సుమారు 9.18 లక్షలు, రెండోదానికి 11.75 లక్షలు పడుతుంది. తేడా 2.57 లక్షలు. కొత్త కంప్రెసర్ కరెంటులోనూ మరమ్మతుల్లోనూ ఏడాదికి అంతకంటే ఎక్కువ ఆదా చేస్తేనే అది మేలు.

పాత యంత్రానికి ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు ఈ లెక్కలోకి రాదు. పోయిన డబ్బు ఏ నిర్ణయంతోనూ తిరిగి రాదు. దాన్ని కారణంగా చూపి పాత యంత్రాన్ని పట్టుకు వేలాడటం తరచుగా జరిగే పొరపాటు. పుస్తకాల్లోని తరుగుదల ఆయుష్షు కూడా అసలు ఆయుష్షు కాదు. 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు సాధారణ యంత్రసామగ్రికి 15 సంవత్సరాలు చూపుతుంది. బాగా చూసుకున్న యంత్రం అంతకు రెట్టింపు నడవవచ్చు. లెక్కలో మరిచిపోయేది మాత్రం ఎక్కువగా షట్‌డౌన్ నష్టమే. పెద్ద కర్మాగారంలో యంత్రం ధరకంటే అది ఆగిన రోజుల్లో పోయిన ఉత్పత్తి విలువ ఎక్కువ కావచ్చు.

మోటార్లు, ఫ్యాన్లు

చిన్న యంత్రాల్లో సమాధానం చాలాసార్లు మార్పిడి వైపు తిరుగుతుంది. కాలిపోయిన ఇండక్షన్ మోటారును రివైండింగ్‌కు ఇవ్వడం విశాఖ పారిశ్రామిక ప్రాంతాల్లో రోజువారీ పని. వైండింగ్ తీయడానికి కోర్‌ను మోతాదు మించి కాల్చినా, అసలు కంటే సన్నని తీగ చుట్టినా మోటారు సామర్థ్యం పడిపోతుంది. చక్కగా చేస్తే దాదాపు అలాగే నిలుస్తుంది. 75 కిలోవాట్ల మోటారు 92 శాతం సామర్థ్యంతో కాక 95 శాతంతో నడిస్తే, 6,000 గంటలకు సుమారు 15,400 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 7 రూపాయలనుకుంటే ఏడాదికి లక్షా 8 వేలు. ఏడాదిలో ఎక్కువ గంటలు తిరిగే మోటారుకు ధరకంటే కరెంటు ఖర్చే ప్రధానం. ఎప్పుడో ఒకసారి తిరిగే స్టాండ్‌బై మోటారుకు రివైండింగ్ చాలు.

ఫ్యాన్లు, పంపుల్లో యంత్రాన్ని కదపకుండానే పెద్ద ఆదా సాధ్యం. ఫ్యాన్ తీసుకునే శక్తి వేగం ఘనానికి అనులోమంగా మారుతుంది. వేగం 20 శాతం తగ్గితే కావలసిన శక్తి దాదాపు సగానికి, కచ్చితంగా 51.2 శాతానికి పడుతుంది. డ్యాంపర్‌తో గాలిని అడ్డుకునే పాత పద్ధతి స్థానంలో వేగం మార్చే డ్రైవ్ పెట్టడం అందుకే అంతటా విస్తరించింది.

మార్పిడే సరైన సందర్భాలు

మూల ప్రక్రియే కాలం చెల్లినప్పుడు భాగాలు మార్చి ప్రయోజనం ఉండదు. రామగుండంలో బొగ్గు ఆధారంగా యూరియా తయారుచేసిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. దాన్ని పునరుద్ధరించే బదులు అదే ఊళ్లో సహజవాయువుతో నడిచే 12.7 లక్షల టన్నుల కొత్త కర్మాగారాన్ని నిర్మించారు. ఉత్పత్తి 2021 మార్చిలో మొదలైంది. స్థలం, నీరు, రైలు సౌకర్యం పాతవి, ప్రక్రియ మొత్తం కొత్తది.

పని పరిధి ముందే అంచనాకు అందనప్పుడూ ఆధునికీకరణ భారమవుతుంది. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఐఎన్‌ఎస్ సింధుకీర్తి జలాంతర్గామి రీఫిట్ 2006లో మొదలై 2015 దాకా సాగింది. పాత నిర్మాణాన్ని విప్పాకే అసలు పని ఎంతో తెలుస్తుంది. కేబుళ్లు, పైపులు, పొట్టు పలకలు ఒక్కొక్కటిగా బయటపడి పని పెరుగుతుంది. కొత్త నిర్మాణంలో ఈ అనిశ్చితి తక్కువ. అయితే ఆ రీఫిట్‌లో చేరిన నైపుణ్యం కొనుగోలుతో వచ్చేది కాదన్న వాదన కూడా బలమైనదే.

భద్రత, మార్పు నిర్వహణ

కొత్త యంత్రానికీ మార్చిన యంత్రానికీ ప్రమాదం పొంచి ఉండే ఘట్టాలు వేరు. కొత్తదానికి ప్రారంభ పరీక్షల సమయం కీలకం. 2012 జూన్ 13న విశాఖ ఉక్కు విస్తరణలో భాగమైన రెండో ద్రవీకరణ విభాగంలో ఆక్సిజన్ పీడనం తగ్గించే కేంద్రం దగ్గర పరీక్షల వేళ పేలుడు జరిగి పలువురు ఉద్యోగులు, ఇంజినీర్లు ప్రాణాలు కోల్పోయారు.

పాతదానిలో చేసే చిన్న మార్పులు మరో రకంగా ప్రమాదకరం. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన దుర్ఘటనపై ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ, ఆ ట్యాంకు పాత రూపకల్పనను, పైపొరల ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేకపోవడాన్ని, 2019 డిసెంబరులో పైపుల అమరికలో చేసిన మార్పును లోపాల్లో భాగంగా చూపింది. యంత్రంలో ఏ మార్పు చేసినా దాని పర్యవసానాలను వేరే బృందం పరిశీలించి అనుమతించే మార్పు నిర్వహణ విధానం ఇలాంటి సందర్భాలకోసమే ఉంది. పైపు ఒకటి మార్చడం బడ్జెట్‌లో కనిపించనంత చిన్న పని కావచ్చు, పరిశీలనకు మాత్రం అది చిన్నది కాకూడదు.

తొలగించిన యంత్రం

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017, పాత వస్తువును అమ్మకందారుకే అప్పగించి కొత్తది కొనే బై-బ్యాక్ పద్ధతిని అనుమతిస్తాయి. ప్రభుత్వరంగ సంస్థల తుక్కు చాలావరకు ఎంఎస్‌టీసీ వంటి ఈ-వేలం వేదికల ద్వారా పోతుంది. ఉక్కు కర్మాగారానికి ఒక సౌలభ్యం ఉంది: తన పాత ఇనుప భాగాలను తన కన్వర్టర్లలోనే కరిగించుకోగలదు. లైనింగు ఇటుకలకు, ఆస్బెస్టాస్‌కు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెకు ఆ దారి లేదు. వాటి పారవేత ఖర్చును మార్పిడి లెక్కలో ముందే చేర్చాలి.

నిధులు, నడక, తర్వాతి క్యాంపెయిన్

యంత్రం మెరుగుపడినంత మాత్రాన కర్మాగారం నిలదొక్కుకోదని విశాఖ ఉక్కు తర్వాతి సంవత్సరాలు చూపాయి. సొంత ఇనుప ఖనిజ గనులు లేకపోవడం, విస్తరణకు తెచ్చిన అప్పుల వడ్డీ, నిర్వహణ నగదు కొరత కలిసి, పెంచిన సామర్థ్యాన్ని పూర్తిగా వాడనివ్వలేదు. ముడిసరుకు లేక ఫర్నేసులు ఆగిన కాలాలున్నాయి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సంస్థలో వంద శాతం వాటా విక్రయానికి సూత్రప్రాయంగా అంగీకరించింది. దానికి వ్యతిరేకంగా కార్మిక సంఘాలు కూర్మన్నపాలెం కూడలిలోనే దీక్షా శిబిరం నడిపాయి. 2025 జనవరి 17న కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అందులో 10,300 కోట్లు ఈక్విటీ, 1,140 కోట్లు నిర్వహణ రుణాన్ని ప్రాధాన్య వాటాలుగా మార్చడం.

ఇంతలో బ్లాస్ట్ ఫర్నేస్ రీలైనింగు మీదే ప్రపంచంలో ప్రశ్న మొదలైంది. రీలైన్ చేసిన ప్రతి ఫర్నేస్ మరో 15 నుంచి 20 సంవత్సరాలు కోక్ వాడకానికి కట్టుబడినట్టే. బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్‌లో టాటా స్టీల్ చివరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 2024 సెప్టెంబరు 30న ఆపి, దాని స్థానంలో తుక్కు ఇనుము కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ మార్గం ఎంచుకుంది. అక్కడ తుక్కు సమృద్ధి, ఉద్యోగాల నష్టం మాత్రం పెద్దది. భారత్‌లో తుక్కు లభ్యత తక్కువ, ఉక్కు గిరాకీ ఇంకా పెరుగుతోంది. అందువల్ల అదే సమాధానం ఇక్కడికి నేరుగా సరిపోదు. 2014లో రాజుకున్న గోదావరికి మామూలు క్యాంపెయిన్ లెక్క వేస్తే తర్వాతి కేటగిరీ-1 రిపేర్ కాలం 2030ల తొలి భాగంలో పడుతుంది. రాగి స్టేవ్‌లు, కార్బన్ దిమ్మెల వంటి వాటికి ఆర్డర్లు చాలా ముందే వెళ్లాలి కాబట్టి, మళ్లీ రీలైన్ చేయాలా, మరో ప్రక్రియకు మారాలా అన్న అధ్యయనం ఈ దశాబ్దం ముగియకముందే మొదలుకావలసి ఉంటుంది.